సైదా దగ్గరున్న గాంధారం

మూడొంతెనల అవతల
మెట్లు దిగి పోవాల్సిన బారు మాది.
వానొస్తే ముందు నీళ్ళొస్తాయి, తర్వాత మనుషులు.
యార్డులో పొద్దస్తమానం మిర్చి టిక్కీలు లెక్కరాసి
ఆరున్నరకి నేనొచ్చి కూచోగానే
నా చొక్కా ఘాటుకి పక్క బల్లవాడు తుమ్ముతాడు.
అదే మాకు నమస్కారం.

ఏడింటికి ఏసుదాసు మేష్టారొచ్చేవాడు.
గోనెసంచిలో హార్మోనియం,
నిద్రపోయిన పిల్లాణ్ణి చంకనేసుకున్నట్టు.
ఆదివారం చర్చిలో వాయిస్తాడు,
మిగతా రోజులు పిలిస్తే నాటకాలకి,
పిలవకపోతే మాకు.
క్వార్టరు సగం తాగి సగం మర్చిపోయి
తిత్తి మీద చెయ్యేస్తే
టీవీలో క్రికెట్టు గొంతు నొక్కేసేవాళ్ళం.

ఆ పెట్టెకి ఒక మెట్టు మూగ.
ఆయన శ్రుతికి సరిగ్గా పై గాంధారం.
రేపల్లె రైల్లో ఎవరో దానిమీద కూచుంటే పోయిందట.
బాగుచేయించడానికి నాలుగొందలు.
నాలుగొందలున్న రోజు
ఆయనకి దాహం కూడా ఉండేది.
రాగం తీస్తూ తీస్తూ అక్కడికొచ్చేసరికి
దీపంలేని సందు మలుపు తిరిగినట్టు
బారంతా ఒక అడుగు గుడ్డిగా వేసేది.

సైదా పట్టుకున్నాడు.
ఇరవై ఎనిమిదేళ్ళు గ్లాసులు కడిగిన చెవి.
బీరుసీసాలో నాలుగు వేళ్ళు నీళ్ళు పోసి
ఓపెనరుతో కొట్టి
ఒంపి, పోసి, మళ్ళీ కొట్టి,
ఒక రాత్రి పద్యం మధ్యలో
ఒక చేత్తో పల్లీల ప్లేటు మోస్తూనే
టింగుమనిపించాడు.
మేష్టారు తలెత్తలేదు.
తర్వాతి పాదం మాత్రం కాస్త నిదానంగా తీశాడు,
సైదా సీసా దగ్గరికి వచ్చేదాకా.

ఎండాకాలమే కష్టం.
గుంటూరు ఎండకి నీళ్ళెగిరిపోయి
స్వరం రోజుకింత పైకెక్కేది.
సాయంత్రం మూడు చెంచాలు పోసి
జ్వరం దింపినట్టు దింపేవాడు.

జూన్‌లో మేష్టారు రాలేదు.
స్టేజీ చెక్క విరిగి పడ్డాడని, తుంటి అని,
పెద్దాసుపత్రి అని
రోజుకొక ముక్క తెలిసింది.
క్రికెట్టుకి గొంతొచ్చింది.

ఒక మంగళవారం
మెట్లమీద చెప్పుల చప్పుడు.
మా బారులోకి ఆడమనిషి దిగడం
గోడమీది బల్లులకి కూడా కొత్త.
తెల్లచీర, చేతిసంచి, మెడమీద చెమట.
"సైదా ఎవత్తి?" అంది.

ఎవరం పలకలేదు.
"రెండేళ్ళుగా చూస్తన్నా.
ఇంట్లో వాయిస్తా వాయిస్తా ఒకచోట ఆగుతాడు.
గుమ్మం వైపు చూస్తాడు.
ఎవరికోసమయ్యా అంటే నవ్వుతాడు.
మొన్న మత్తులో బయటపడ్డాడు,
గాంధారం సైదా దగ్గరుందంట.
ఏందది, గొలుసా? ఎంతలో చేయించాడు?"

వంటింట్లోంచి సైదా వచ్చాడు,
భుజాన తడిగుడ్డ, నెరిసిన మీసం.
"నేనేనమ్మా."

అలమర వెనకనుంచి సీసా తీశాడు.
దుమ్ము తుడిచి కొట్టాడు. ఎక్కడికో పోయింది పైకి.
జగ్గులోంచి కొంచెం పోశాడు. కాదు.
ఇంకొంచెం. కాదు.
చెంచాతో నాలుగు చుక్కలు.
ఆవిడ తల ఒక పక్కకి వాలింది,
చర్చిలో పాటెత్తుకునే ముందు వాలినట్టు.
"అదా" అంది.
చాలాసేపటికి మళ్ళీ,
"ఆ ఖాళీలో పట్టేది అదా."

నీటిమట్టం దగ్గర ఎర్రటేపు చుట్టి ఇచ్చాడు సైదా.
"రోజూ చూసుకోండమ్మా, మొక్కకి పోసినట్టు.
కొట్టేది మెల్లగా. స్టీలు చెంచా అయితే మంచిది."
చేతిసంచిలో పెడితే ఒలుకుద్దని చేత్తోనే పట్టుకుని,
పాస్టరుగారు ఎదురుపడతాడేమోనని
కొంగు కప్పి మెట్లెక్కింది.

రాత్రి ఖాళీసీసాల లెక్కలో ఒకటి తగ్గింది.
కౌంటరు బసవపున్నయ్య కళ్ళజోడు పైకి నెట్టి
"ఏం బ్రాండురా అది?" అన్నాడు.
సైదా బల్ల తుడుస్తున్నాడు.
పక్క బల్లవాడు తుమ్మాడు.